రెండు జేబుల చొక్కా

మొన్న డాలస్ ఎయిర్‌పోర్టులో నా పెట్టె తూకం వేసిన అమ్మాయి అందరినీ అడిగే ప్రశ్నే నన్నూ అడిగింది. పెట్టెలో విడి బ్యాటరీలు గానీ, పవర్ బ్యాంకులు గానీ, ఈ-సిగరెట్లు గానీ ఉన్నాయా అని. లేవని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాకు కొంచెం ఎక్కువే పట్టింది. నేను ఈ-సిగరెట్ మానేసి ఏడాది దాటింది. అయినా నా చెయ్యి చొక్కా కుడి జేబు మీదికి పోయింది. ఎడమ జేబులో ఫోన్ ఉంది. కుడి జేబులో ఏమీ లేదు. ఆ అమ్మాయి నా చొక్కా వంక ఒకసారి చూసి మళ్ళీ తన కంప్యూటర్‌లోకి చూసుకుంది. రెండు పక్కలా జానెడు లోతు జేబులున్న గళ్ళ చొక్కా ఈ దేశంలో షాపుల్లో దొరకదు మరి.

ఆ చొక్కా మా ఆఫీసులో పనిచేసిన ఒక పెద్దాయన కుట్టించి ఇచ్చింది. గుంటూరులో ఎప్పటి నుంచో తెలిసిన టైలర్ ఒకడు ఉండేవాడట. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ అరడజను చొక్కాలు కుట్టించుకొచ్చేవారు, అన్నీ రెండు జేబులవే. ఒకసారి నాకూ ఒకటి తెచ్చారు. నా కొలతలు అడగలేదు. "ఇన్నాళ్ళు పక్కన నిలబడ్డాకయ్యా, ఇంకా టేపెందుకు" అన్నారు. భుజాల దగ్గర కొంచెం వదులు, అంతే.

ఆయన పోయి ఆరు నెలలైంది. పేరు చెప్పను. చెబితే ఆయన కూతురికి ఇబ్బంది. నేనెప్పుడూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు కూడా, సార్ అనేవాణ్ణి. పనిలో నాకు పై అధికారేం కాదు. ఇంకెవ్వరూ ముట్టుకోని పాత కంప్యూటర్ ప్రోగ్రాములు చూసుకోవడానికి కంపెనీ పెట్టుకున్న కాంట్రాక్టరు. అరవై దాటినా వదల్లేదు ఆయన్ని, ఆ ప్రోగ్రాములు ఆయనకి తప్ప అర్థం కావు కాబట్టి.

మా ఆఫీసు డాలస్ పక్కనే ప్లేనోలో. ఆవరణలో ఎక్కడా పొగ తాగకూడదు. తాగాలంటే పార్కింగ్ అంతా దాటి, వాననీళ్ళ కోసం తవ్విన గుంట అవతలికి పోవాలి. జూలై ఎండలో ఆ నడకే సగం శిక్ష. అక్కడ ఒక బెంచీ, కొన్ని బాతులు, అప్పుడప్పుడూ మేము. మా ఆవిడకి తెలియకుండా ఆ రోజుల్లో నేను ఈ-సిగరెట్ పీల్చేవాణ్ణి. అందరూ వేప్ అంటారు, ఆయన మాత్రం గొట్టం అనేవారు. మొదటిరోజు నేను నాలుగు దమ్ములు లాగి దాన్ని ప్యాంటు జేబులో దోపుకుని వెనక్కి తిరిగాను.

"ఏందయ్యా అది? తియ్యి బయటికి."

బెంచీ మీద కూచున్న పెద్దాయన. తెలుగువాణ్ణని ఎలా కనిపెట్టారో అప్పుడు అడగలేదు. నేను ఫోన్లో మా తమ్ముడితో మాట్లాడటం విన్నారట.

"ఏంది సార్ తీసేది?"

"ఫోనూ, కారు తాళాలూ, గొట్టమూ మూడూ ఒకటే జేబులో కుక్కావు. దీపావళి చేద్దామనా అక్కడ?"

"ఏం గాదు సార్, రోజూ గట్లనే పెట్టుకుంట."

"నేనూ రోజూ అట్టానే పెట్టుకునేవోణ్ణి" అని తొడ మీద అరచేత్తో తట్టుకున్నారు. "ఇదిగో, ఇక్కడ అరచెయ్యంత మచ్చ ఉంది. చూపించను గానీ నమ్ము."

తర్వాత ఆ కథ పదిసార్లు విన్నాను. ఇండియన్ స్టోర్‌లో బిల్లు కట్టడానికి వరసలో నిలబడ్డారు. ప్యాంటు జేబులో విడి బ్యాటరీ, దాంతో పాటు చిల్లర నాణేలు. నాణెం తగిలి బ్యాటరీ అంటుకుంది. జేబులోంచి పొగ, తర్వాత మంట. అంతమంది ఆడవాళ్ళ మధ్య ప్యాంటు విప్పలేక బయటికి పరిగెత్తి విప్పారట. "చేతిలో కరివేపాకు కట్ట మాత్రం వదల్లా" అనేవారు ప్రతిసారీ, అక్కడికి వచ్చేసరికి నవ్వుతూ. నవ్వకుండా చెప్పే ముక్క ఒకటి ఉంది. ఆసుపత్రిలో నర్సు, మీ వాళ్ళెవరికైనా ఫోన్ చెయ్యాలా, నంబర్ ఇవ్వండి అని అడిగింది. ఆయనకి ఉన్నది ఒక్క కూతురు. ఆ కూతురికి నాన్న పొగ మానేశాడనే తెలుసు. అందుకని ఎవరూ లేరని రాయించుకున్నారు. కాలిన తొడతో తనే కారు నడుపుకుని ఇంటికి వచ్చారు.

ఆయన జీవితంలో నాకు తెలిసిన గొడవంతా ఇదే. భార్య పోయి చాలా ఏళ్ళయింది. కూతురు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటుంది. ఆ అమ్మాయికి నెలలు నిండకుండా పాప పుట్టింది, ఇంటికి తెచ్చాక కూడా కొన్నాళ్ళు ఆక్సిజన్ పెట్టారు. అప్పుడా అమ్మాయి ఒకటే మాట అంది, పూర్తిగా మానేసి రా నాన్నా, అప్పుడే పాపని ఎత్తుకుందువు అని. ఈయన సిగరెట్లు మానేశారు, గొట్టం పట్టారు, మానేశానని ఫోన్లో చెప్పారు. "సగం నిజమేగా" అనేవారు నాతో. మిగతా సగం కూడా నిజం చేద్దామని ప్రతి నెలా ఒకటో తారీఖు పెట్టుకునేవారు. ఒకటో తారీఖు వచ్చి పోయేది.

మొదటిరోజే నాకొక కళ్ళజోడు డబ్బా ఇచ్చారు. సన్నటి రేకు డబ్బా, లోపల మెత్తటి గుడ్డ. ఆయన గొట్టం కూడా అలాంటి దాంట్లోనే ఉండేది. చొక్కా కుడి జేబు దానికి, ఎడమ జేబు ఫోనుకి. తాళాలు ప్యాంటులో, చిల్లర అసలు ఉంచుకునేవారే కాదు. ఆ రెండు జేబులూ తారుమారు కావడం నేనెప్పుడూ చూడలేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదయ్యా, రెండూ మండే సరుకే, ఒకటి అంటుకుంటే రెండోది చూస్తా ఊరుకోదు అని ఆయన వాదన. ఎండాకాలం కారులో వదిలి వస్తే ఊరుకునేవారు కాదు. "కారు తలుపేసి గంటాగి తీసి చూడు, పులుసు కాగుతుంటది లోపల" అనేవారు. ఒకరోజు నేను కారులో మర్చిపోయానని చెబితే, మీటింగ్ మధ్యలోంచి నన్ను లేపి పార్కింగ్ దాకా నడిపించుకుపోయారు. ఫోన్ చార్జరు దానికి పెడితే కోప్పడేవారు. పక్క మీద చార్జింగ్ పెట్టానని చెబితే మాట్లాడటమే మానేశారు రెండు రోజులు.

ఇంత జాగ్రత్త మనిషి పీల్చేది మాత్రం విషమే కదా అని నాకు నవ్వొచ్చేది. ఒకసారి అన్నాను కూడా.

"జేబు గురించి గింత ఆలోచిస్తరు, ఊపిరితిత్తుల గురించి ఆలోచించరు ఏంది సార్?"

"జేబు నా చేతిలో ఉందయ్యా" అన్నారు.

ఆయన గొట్టానికి ఒక మీట ఉండేది. దాన్ని వెంటవెంటనే ఐదుసార్లు నొక్కితే ఆగిపోతుంది. జేబులో పొరపాటున ఒత్తుకుపోయి వెలగకుండా ఉండేందుకు ఆ ఏర్పాటు. మనమైతే ఒకటీ రెండూ అని లెక్కపెడతాం. ఆయన న, మ, శ్శి, వా, య అనుకుంటూ నొక్కేవారు. అక్షరానికి ఒక నొక్కు. చివరి అక్షరంతో చిన్న దీపం మూడుసార్లు మిణుకుమని ఆరిపోయేది. అప్పుడు డబ్బాలో పెట్టి, డబ్బా మూసి, కుడి జేబులో దించి, పైనుంచి ఒక్కసారి తట్టేవారు. పొగ గొట్టానికి పంచాక్షరి ఏంది సార్, తప్పు గాదా అని అడిగాను. "ఆర్పేటప్పుడేగా చదివేది" అన్నారు. వెలిగించేటప్పుడు కూడా ఐదు నొక్కులే. అప్పుడు మాత్రం ఏమీ అనేవారు కాదు, ముఖం పక్కకి పెట్టుకుని నొక్కేవారు.

సాయంత్రం నాలుగింటికి ఆయన బెంచీ దగ్గరికి వచ్చేవారు. నేనూ వెళ్ళేవాణ్ణి. ఫ్రీమాంట్‌లో అప్పుడు రెండవుతుంది, పాప నిద్ర లేస్తుంది. ఎడమ జేబులో ఫోన్ మోగేది. ఆ మోత వినగానే ఆయన చేసే పని ఒకటుంది, ఆయన్ని తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే. గొట్టం నోట్లోంచి తీసి, గబగబా పంచాక్షరి నొక్కి, "పట్టుకో" అని నా చేతిలో పెట్టేవారు. పొగ పోయేలా గాలిలో చెయ్యి ఊపి, గుంట అంచు దాకా నాలుగడుగులు వేసి, బాతులు వెనక కనపడేలా ఫోన్ ఎత్తి పట్టుకునేవారు. పాపకి బాతులంటే ఇష్టం. పాప పేరు పిలుస్తూ ఆయన బాతులా అరిచేవారు. అసలు బాతులు ఈయన్ని వింతగా చూసేవి.

నా చేతిలో ఆయన గొట్టం వెచ్చగా ఉండేది. ఆ పది నిమిషాలూ నేను దాన్ని కెమెరాకి కనపడకుండా వెనక్కి పట్టుకుని నిలబడేవాణ్ణి. దొంగ సరుకు కాపలా కాసినట్టుండేది. ఒక్కోసారి ఆ అమ్మాయి గొంతు వినపడేది.

"నాన్నా, యూ ఆర్ స్టిల్ ఓకే కదా? మళ్ళీ స్టార్ట్ చేయలేదు కదా?"

"లేదమ్మా. ఏడాదైందిగా."

ఫోన్ పెట్టేసి వచ్చి చెయ్యి చాపేవారు. నేను ఇచ్చేవాణ్ణి. వెంటనే వెలిగించేవారు కాదు. కాసేపు చేతిలో తిప్పుకుంటూ కూర్చునేవారు. ఈ దేశంలో నాకు అంతకు ముందూ తర్వాతా అంత దగ్గరగా ఎవరి పక్కనా మౌనంగా కూర్చున్న గుర్తు లేదు.

ఒక ఏడాది చివర్లో కూతురు తనే రమ్మంది. పాపకి ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టరు చెప్పారట, పది రోజులు ఉండేలా టికెట్ బుక్ చేసింది. ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్ళాను. దారంతా ఆయన రెండు జేబులూ మార్చి మార్చి తడుముకుంటూనే ఉన్నారు. పెట్టెలో పెడితే విమానంవాళ్ళు ఒప్పుకోరు, చేతి సంచిలో పెట్టుకోవచ్చు. ఆయనకి ఆ నిబంధనలన్నీ కంఠోపాఠం. అవి చెబుతూనే ఉన్నారు. డిపార్చర్స్ దగ్గర కారు ఆపాక దిగారు, పెట్టె దించుకున్నారు, వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. అప్పుడు నా కిటికీ దగ్గరికి వచ్చారు. ఐదు నొక్కులూ నొక్కి, దీపం ఆరిందాకా చూసి, డబ్బాతో సహా నా ఒళ్ళో పెట్టారు.

"పట్టుకో" అన్నారు. "పది రోజులు."

ఆయన కుడి జేబు ఖాళీగా చూడటం అదే మొదటిసారి. నడుస్తూ కూడా చెయ్యి దాని మీదే ఉంది.

నాలుగో రోజుకే తిరిగొచ్చారు. ఫోన్ చేసి వచ్చి పికప్ చేసుకోమన్నారు. కారెక్కి, బెల్టు పెట్టుకుని, చెయ్యి చాపారు. నేను డబ్బా ఇచ్చాను. దాన్ని కుడి జేబులో పెట్టుకున్నారు, తెరవలేదు. ప్లేనో దగ్గరికొచ్చాక చెప్పారు.

"పాపని ఎత్తుకున్నానయ్యా. రెండు రోజులు బానే ఉంది. మూడో రోజు చేతులు వణికినయ్యి. ఊరికే కాదు, పాప కూడా కదిలిపోయేంత. అమ్మాయి చూసింది. ఏడాది కింద మానేస్తే ఇప్పుడెందుకు వణుకుతున్నాయి నాన్నా అనడిగింది."

"మరేమన్నరు సార్?"

"నిజం చెప్పా. ఎత్తుకున్న పిల్ల ఒళ్ళో ఉండగా అబద్ధం రాలా నోటికి."

కూతురు అరవలేదట. అరిస్తే బాగుండేదని ఆయన. పాపని చేతుల్లోంచి మెల్లగా తీసుకుని, టికెట్ మార్చింది. నువ్వు గొట్టం పీల్చినందుకు కాదు నాన్నా, రోజూ వీడియోలో నా కళ్ళలోకి చూసి చెప్పినందుకు అంది. అది నాకూ తగిలింది, రోజూ ఆ గొట్టం పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనే కదా.

ఆ తర్వాత నాలుగింటికి ఆయన ఎడమ జేబు మోగలేదు. ఆయన మాత్రం టైముకి ఫోన్ బయటికి తీసి బెంచీ మీద పెట్టుకునేవారు. గొట్టం ఈ పక్క, ఫోన్ ఆ పక్క, మధ్యలో ఆయన.

నేను మానేసింది ఆ తర్వాతే. ఘనకార్యమేం కాదు, దొరికిపోయాను. మా ఆవిడ నా ఆఫీసు సంచిలో కళ్ళజోడు డబ్బా చూసింది. నాకు కళ్ళజోడు లేదు. ఆ సంగతి ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇంత జాగ్రత్తగా దాచిన ఇద్దరు మేధావులం, కళ్ళజోడు లేనివాడి సంచిలో కళ్ళజోడు డబ్బా ఉండకూడదని మాత్రం ఆలోచించలేదు. మా ఇంట్లో జరిగిన రాద్ధాంతం ఇక్కడ అక్కర్లేదు. మూడు వారాలు నరకం చూశాను. నాలుగింటికి బెంచీ వైపు పోకుండా కుర్చీ పట్టుకుని కూర్చునేవాణ్ణి. అదే రోజుల్లో ఆఫీసువాళ్ళు నన్ను ఇంటి నుంచి పని చేసే టీమ్‌లోకి మార్చారు. బతికాను అనుకున్నాను.

ఆయన ఫోన్ చేసేవారు. మొదట ఎత్తాను. "రావట్లేదేందయ్యా" అన్నారు. మానేశానని చెప్పాను. "మంచి పని చేశావు. ఇటు రాబాక మరి" అన్నారు. నిజంగా సంతోషించారు, గొంతులో తెలిసింది. ఆ తర్వాత చేసిన ఫోన్లు నేను ఎత్తలేదు. ఆయన గొంతు వింటే చాలు, నోట్లో ఆ రుచి వచ్చేది. ఇంకొంచెం గట్టిపడ్డాక మాట్లాడదాంలే అనుకున్నాను. ఒకసారి వాయిస్‌మెయిల్ పెట్టారు. ఫోన్ మీద ఎర్రటి చుక్క ఉండిపోయింది. రోజూ చూసేవాణ్ణి దాన్ని. ఆదివారం వింటాను అనుకునేవాణ్ణి. పొగ మానేస్తూ మనిషిని కూడా మానేశాను. అప్పుడలా అనిపించలేదు, పట్టుదల అనిపించింది.

ఒక సాయంత్రం మా తెలుగువాళ్ళ గ్రూపులో ఆయన ఫొటో వచ్చింది. అపార్ట్‌మెంటులో ఉత్తరాల పెట్టెల దగ్గర కూలిపోయారట. గుండె. పక్కింటివాళ్ళు అంబులెన్స్ పిలిచారు, ఆసుపత్రికి చేరకముందే అయిపోయింది. ఫొటో కింద అందరూ దండాల బొమ్మలు పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన నంబర్ నుంచే ఫోన్ వచ్చింది. ఈసారి ఎత్తాను.

"అంకుల్, నేను ఆయన డాటర్‌ని. నాన్న ఫోన్లో కాల్ లిస్ట్ చూశాను. మీ నంబర్, నా నంబర్, అవే ఉన్నాయి. మీరు ఒకసారి రాగలరా?"

ఆయన అపార్ట్‌మెంట్‌కి నేను అంతకు ముందు ఎప్పుడూ వెళ్ళలేదు. ఒక గది, ఒక హాలు. తలుపు పక్కన మేకుకి ఆ గళ్ళ చొక్కాలు నాలుగు వేలాడుతున్నాయి. ఆ అమ్మాయి సోఫాలో కూర్చోకుండా కింద కార్పెట్ మీద కూర్చుని ఉంది. ఎదురుగా టీపాయ్ మీద ఆసుపత్రివాళ్ళిచ్చిన ప్లాస్టిక్ సంచి. అందులో ఉన్నవి కనపడుతూనే ఉన్నాయి. తాళాలు, పర్సు, చిన్న కవరు ఒకటి, కళ్ళజోడు డబ్బా.

"ఆ కేస్ నేను ఓపెన్ చేయలేదు" అంది. "అందులో అది పెట్టుకుంటాడని నాకు చెప్పాడు, లాస్ట్ టైమ్ వచ్చినప్పుడు. అందులో అది ఉంటే నాకు మళ్ళీ కోపం వస్తుంది, అంకుల్. లేకపోతే ఇంకా బాడ్‌గా ఉంటుంది. నేను చూడలేను. మీరు చూసి చెప్పండి."

నేను కింద కూర్చుని డబ్బా తీశాను. మూత తెరిచాను. గొట్టం ఉంది.

నా ముఖం చూసి ఆ అమ్మాయికి తెలిసిపోయింది. తల అటు తిప్పుకుంది. "ఓకే" అంది. అంత చిన్న మాట అంత బరువుగా ఎవరూ అనగా నేను వినలేదు. ఏదో ఒకటి అనాలని, చేతికి తగిలిన ఆ చిన్న కవరు తీసి ఇదేమిటని అడిగాను.

"క్లోవ్స్. నాన్న రైట్ పాకెట్‌లో ఉన్నాయట. నర్స్ అన్నీ రాసి ఇచ్చింది. లెఫ్ట్ పాకెట్, ఫోన్ అండ్ గ్లాసెస్ కేస్. రైట్ పాకెట్, స్పైస్."

"ఏ జేబులో అన్నవమ్మా కేసు?"

"లెఫ్ట్. ఫోన్‌తో పాటు."

నేను మళ్ళీ అడిగాను. ఆ అమ్మాయి కాగితం తీసి చూపించింది. నిజమే, రెండూ ఎడమ జేబులోనే. కుడి జేబులో లవంగాలు.

"అట్ల ఉండదమ్మా" అన్నాను. "మీ నాన్న ఈ రెండూ ఒక జేబులో పెట్టరు. చచ్చినా పెట్టరు." ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. గొట్టం చేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది. ఎన్నో సాయంత్రాలు పట్టుకున్న చెయ్యి కాబట్టి వెంటనే తెలిసింది. ఐదుసార్లు నొక్కాను. దీపం వెలగలేదు. కింద మూత తిప్పి తీశాను. బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ. లోపల తడి లేదు, తుడిచి ఉంది.

ఆ అమ్మాయికి చూపించి చెప్పాను, తొడ మీద మచ్చ దగ్గర్నుంచి, రెండు జేబుల దాకా. బ్యాటరీ లేదు కాబట్టే ఫోన్ పక్కన పెట్టుకున్నారని. విన్నది. నమ్మాలని ఉన్నట్టే ఉంది గానీ, ఒకసారి మోసపోయిన మనిషి.

"చార్జ్ అవుతుందేమో ఎక్కడో. బ్యాటరీ" అంది.

ఇద్దరం ఇల్లంతా వెతికాం. వంటగట్టు మీద, మంచం పక్కన, బాత్‌రూమ్‌లో. చార్జర్ లేదు, బ్యాటరీ లేదు. అంతా వెతికి వచ్చి మళ్ళీ కార్పెట్ మీద కూర్చున్నాక నాకు వినకుండా వదిలేసిన ఆ ఎర్ర చుక్క గుర్తొచ్చింది. అప్పటిదాకా గుర్తు లేదని కాదు. చేతిలోకి తీసుకునే ధైర్యం అప్పుడొచ్చింది. ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టాను. ఆయన గొంతు ఆ గదిలోకి వచ్చింది.

"ఏమయ్యా, నేనే. పనిలో ఉన్నట్టున్నావు. ఏం లేదులే. మానేశా. ఈసారి నిజంగా. ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. బ్యాటరీ పీకేసి, హార్డ్‌వేర్ షాపులో రీసైకిల్ డబ్బా ఉంటదిగా, దాంట్లో వేసొచ్చా. చెత్తలో వెయ్యకూడదు అది. నువ్వు నీది అట్టా డబ్బాలో వేసుండవు, చూసుకో. అమ్మాయికి ఇంకా చెప్పలా. ఒకసారి చెప్పి అబద్ధమైంది. అందుకని మండలం పట్టా. మాల లేదు, నల్లబట్టల్లేవు, దీక్ష మాత్రం దీక్షే. నలభై ఒక్క రోజులు నిండాక చెప్తా. నీకెందుకు చేశానంటే, నువ్వు మానినోడివి గదా. నాలుగింటికి ఏం చేసేవోడివయ్యా నువ్వు? నోటికి లవంగం వేసుకుంటున్నా, నోరు ఊరుకుంటంది. ఈ చేతులే. చేతుల్ని ఏం చేసుకోవాలో తెలవట్లా. నువ్వెట్టా చేశావో చెప్పు. ఖాళీ అయినప్పుడే చెయ్యి. తొందరేం లేదు."

ఆ అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తనే మళ్ళీ పెట్టుకుంది. రెండోసారి వింటూ చెంపలు తుడుచుకోలేదు.

"ఇది ఎప్పుడు పెట్టాడు?"

తారీఖు చూశాను. ఆయన పోవడానికి పదహారు రోజుల ముందు.

"సో, థర్టీ ఫైవ్" అంది. "ఇంకా సిక్స్ డేస్."

అవునన్నాను. ఆ అమ్మాయి చాలాసేపు ఆ ఖాళీ గొట్టాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత, ఏ నిందా లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు నన్ను అడిగింది.

"మీరేం చెప్పారు అంకుల్? చేతుల గురించి?"

చెప్పడానికి నా దగ్గర ఎన్నో ఉన్నాయి. కుర్చీ పట్టుకునేవాణ్ణని, పచ్చి శనగలు ఒలిచేవాణ్ణని, మా ఆవిడ కూరలు తరగమని కత్తి ఇచ్చేదని. అవన్నీ ఆయనకి పనికొచ్చేవే.

"నేను ఫోన్ ఎత్తలేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తల ఊపింది. గొట్టాన్ని డబ్బాలో పెట్టి మూత వేసి, డబ్బానీ ఆయన ఫోన్‌నీ పక్కపక్కన టీపాయ్ మీద పెట్టింది.

"నేను కూడా, అంకుల్" అంది.